విద్యుత్ నియంత్రణ మండలిలో కూర్చునేది ఎవరు? సభ్యుల చదువు, ఉద్యోగ నేపథ్యం, ఎంపిక విధానం

నెల తిరిగేసరికి ఇంటికి కరెంటు బిల్లు వస్తుంది. ఎన్ని యూనిట్లు కాల్చారు, ఏ శ్లాబులో పడ్డారు, ఫిక్స్‌డ్ ఛార్జీ ఎంత, సర్దుబాటు పేరుతో పాత బాకీ ఎంత కలిపారు అని ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. బిల్లు పెరిగితే తిట్లు పడేది రీడింగ్ తీయడానికి వచ్చిన కుర్రాడికో, లైన్‌మన్‌కో, కాదంటే ప్రభుత్వానికో. కానీ చట్టం ప్రకారం ఆ ధరలకు ఆమోద ముద్ర వేసేది వీళ్లెవరూ కాదు. చైర్మన్‌తో కలిపి ముగ్గురికి మించని ఒక చిన్న సంస్థ ఆ పని చేస్తుంది. దాని పేరు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. పేపర్లలో, వాడుకలో ఈఆర్‌సీ అంటారు.

ఆ ముగ్గురు ఎక్కడి నుంచి వస్తారు? ఏం చదువుకుని ఉంటారు? ఇంతకు ముందు ఏ ఉద్యోగం చేసి ఉంటారు? చాలా కుటుంబాలకు ఈ ప్రశ్నలు తట్టవు. కానీ బిల్లుకూ ఈ ప్రశ్నలకూ నేరుగా సంబంధం ఉంది.

ఈఆర్‌సీ ఎందుకు పుట్టింది

ఒకప్పుడు రాష్ట్ర విద్యుత్ బోర్డే కరెంటు తయారు చేసేది, తీగల్లో పంపేది, ఇళ్లకు అమ్మేది. ధర ఎంతో తేల్చేది కూడా అదే. అమ్మేవాడే ధర నిర్ణయిస్తే కొనేవాడి మాట ఎవరు వింటారన్న ప్రశ్న వచ్చింది. మరోవైపు బోర్డుల నష్టాలు పెరిగిపోయాయి. దాంతో దేశంలో మొదట ఒడిశా 1996లో విడిగా నియంత్రణ మండలిని పెట్టుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం చేసి, 1999లో మండలిని ఏర్పాటు చేసింది. దాని మొదటి చైర్మన్ జి.పి.రావు.

మండలి ఇచ్చిన తొలి టారిఫ్ ఆర్డర్ 2000లో వచ్చింది. ఛార్జీలు బాగా పెరగడంతో రాష్ట్రమంతా ఆందోళనలు జరిగాయి. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ఆ సంగతి తెలిసిన తరానికి కరెంటు ధర అంటే కేవలం లెక్కల పుస్తకం కాదని వేరే చెప్పనక్కర్లేదు. మండలిలో కూర్చునేవాళ్లు ఎవరన్న ప్రశ్న బరువు అప్పుడే జనానికి అర్థమైంది.

ఆ తర్వాత 2003లో దేశం మొత్తానికి కొత్త విద్యుత్ చట్టం వచ్చింది. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల మండళ్లూ ప్రధానంగా ఈ చట్టం కిందే నడుస్తున్నాయి. టారిఫ్ నిర్ణయించడం, డిస్కంలు ఎవరి దగ్గర ఎంత ధరకు కరెంటు కొనాలో చూడటం, లైసెన్సులు ఇవ్వడం, విద్యుత్ ఉత్పత్తి కంపెనీలకూ డిస్కంలకూ మధ్య తగాదాలు తీర్చడం, సోలార్, గాలి కరెంటు లాంటి వాటిని ప్రోత్సహించడం, సేవల నాణ్యతకు ప్రమాణాలు పెట్టడం దీని పనులు. అంటే మండలి ఒకే సమయంలో లెక్కల ఆఫీసు, ఇంజినీరింగ్ ఆఫీసు, కోర్టు కూడా.

చట్టం చెప్పే ఆరు రంగాలు

సభ్యుడు కావాలంటే ఫలానా డిగ్రీ ఉండాలని చట్టం రాయలేదు. సామర్థ్యం, నిజాయితీ, సమాజంలో గౌరవం ఉండాలంది. దాంతో పాటు ఇంజినీరింగ్, ఫైనాన్స్, వాణిజ్యం, అర్థశాస్త్రం, న్యాయం, మేనేజ్‌మెంట్ అనే ఆరు రంగాల సమస్యల్లో తగిన పరిజ్ఞానం, వాటిని పరిష్కరించిన అనుభవం ఉండాలంది. 2003 చట్టం 84వ సెక్షన్ సారాంశం ఇదే.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఢిల్లీలో ఉండే కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి విషయంలో చట్టం సీట్లను రంగాల వారీగా పంచింది. ఒకరు ఇంజినీరింగ్ నుంచి, ఒకరు ఫైనాన్స్ నుంచి, ఇద్దరు అర్థశాస్త్రం, వాణిజ్యం, న్యాయం లేదా మేనేజ్‌మెంట్ నుంచి రావాలని చెప్పింది. రాష్ట్రాలకు మాత్రం అలాంటి పంపకం రాయలేదు. కాబట్టి చట్టం అక్షరాలు పట్టుకుని చూస్తే ముగ్గురూ ఇంజినీర్లే కావొచ్చు, ముగ్గురూ మాజీ అధికారులే కావొచ్చు. ఆచరణలో మాత్రం చాలా రాష్ట్రాలు ఒక సీటు సాంకేతికానికి, ఒకటి ఫైనాన్స్‌కు, ఒకటి న్యాయానికి లేదా పరిపాలనకు అన్నట్టు సర్దుకుంటున్నాయి. తెలంగాణలో సభ్యుల హోదాల పక్కనే సాంకేతికం, ఫైనాన్స్ అని రాస్తారు.

ఎంపిక ఎలా జరుగుతుంది

నియమించేది రాష్ట్ర ప్రభుత్వమే, కానీ తనకు నచ్చినవాళ్లను నేరుగా కూర్చోబెట్టే వీల్లేదు. ముగ్గురితో ఎంపిక కమిటీ వేయాలి. దానికి హైకోర్టు మాజీ న్యాయమూర్తి అధ్యక్షుడు. రాష్ట్ర ప్రధాన కార్యదర్శి ఒక సభ్యుడు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ చైర్మన్ గానీ, కేంద్ర నియంత్రణ మండలి చైర్మన్ గానీ మరో సభ్యుడు. ఒక్కో ఖాళీకి ఈ కమిటీ ఇద్దరి పేర్లు సిఫారసు చేస్తుంది. ఆ ఇద్దరిలో ఒకరిని ప్రభుత్వం తీసుకుంటుంది.

పేరు సిఫారసు చేసే ముందు ఆ వ్యక్తికి పనికి అడ్డొచ్చే ఆర్థిక ప్రయోజనాలు, ఇతర సంబంధాలు లేవని కమిటీ నిర్ధారించుకోవాలి. పదవీకాలం ముగిసే సభ్యుడి స్థానంలో ఎంపిక పని ఆరు నెలల ముందే మొదలు కావాలని కూడా చట్టం చెప్పింది. కుర్చీ ఖాళీగా ఉంటే బిల్లుల ఫైళ్లు ఆగిపోతాయి కాబట్టే ఈ జాగ్రత్త.

ఒక మినహాయింపు ఉంది. హైకోర్టు న్యాయమూర్తిని లేదా మాజీ న్యాయమూర్తిని చైర్మన్‌గా పెట్టాలనుకుంటే ఎంపిక కమిటీ అవసరం లేదు. ఆ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించి నియమించవచ్చు.

ఇంజినీర్ సభ్యుడు ఏం చూస్తారు

సాంకేతిక సభ్యులు ఎక్కువగా విద్యుత్ సంస్థల నుంచే వస్తారు. జెన్‌కో, ట్రాన్స్‌కో, డిస్కంలలో అసిస్టెంట్ ఇంజినీర్‌గా చేరి, చీఫ్ ఇంజినీర్ లేదా డైరెక్టర్ దాకా ఎదిగినవాళ్లు ఈ వరుసలో ఉంటారు. సబ్‌స్టేషన్ ఎలా పనిచేస్తుందో, ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు కాలిపోతుందో, ఏ లైన్ మీద ఎంత లోడు పడుతుందో వీళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

వీళ్ల అనుభవం ఎక్కడ పనికొస్తుందో ఒక ఉదాహరణ చూద్దాం. డిస్కం వంద యూనిట్లు కొంటే అన్నీ అమ్ముడుపోవు. కొన్ని తీగల్లో వేడి రూపంలో పోతాయి, కొన్ని దొంగతనంలో పోతాయి, కొన్నిటికి డబ్బు వసూలు కాదు. పోయిన యూనిట్ల ఖర్చు కూడా చివరికి బిల్లు కట్టేవాళ్ల మీదే పడుతుంది. నష్టం ఎంత వరకు సహజం, ఎంత నిర్లక్ష్యం అన్నది తేల్చడం సాంకేతిక ప్రశ్న. మండలి ఒక పరిమితి పెడుతుంది. అంతకు మించి పోయిన కరెంటు ఖర్చును వినియోగదారుల మీద వేయనివ్వదు.

వ్యవసాయ మోటార్ల సంగతి మరో చిక్కుముడి. తెలుగు రాష్ట్రాల్లో చాలా పంపుసెట్లకు మీటర్లు లేకుండానే సరఫరా నడిచింది. అందుకే కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, ఆ నమూనా నుంచి మొత్తం వాడకాన్ని అంచనా వేస్తూ వచ్చారు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన పద్ధతి ఇది. అంచనా ఎక్కువ చూపిస్తే పట్టణంలో పోయిన దొంగ కరెంటు కూడా రైతు ఖాతాలో దాక్కుంటుంది. దీన్ని పట్టుకోవాలంటే ఫీల్డులో తిరిగిన కళ్లు కావాలి.

అదే సమయంలో ఒక విమర్శ కూడా ఉంది. ముప్పై ఏళ్లు ఒక సంస్థలో పనిచేసిన వ్యక్తి రేపు అదే సంస్థ ఖర్చును గట్టిగా ప్రశ్నించగలరా? అవతల కూర్చున్నవాళ్లు నిన్నటిదాకా తోటి ఉద్యోగులు. కొందరు ఈ సందేహం లేవనెత్తుతారు. లోగుట్టు తెలిసినవాళ్లే మోసాన్ని పట్టగలరని మరికొందరు అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది.

ఫైనాన్స్ సభ్యుడి పని

మండలి ముందుకు వచ్చే పెద్ద ఫైలు పేరు ఏఆర్ఆర్. వచ్చే ఏడాది కరెంటు కొనడానికి, లైన్ల నిర్వహణకు, జీతాలకు, అప్పుల వడ్డీకి మొత్తం ఎంత కావాలో డిస్కం వేసే లెక్క ఇది. మామూలుగా నవంబర్ చివరికి ఈ ఫైలు మండలికి చేరాలి. ఇప్పుడున్న ధరలతో ఎంత వస్తుంది, ఎంత తక్కువ పడుతుంది అన్నది అందులో ఉంటుంది. ఆ లోటును ఛార్జీలు పెంచి పూడ్చాలా, ప్రభుత్వ సబ్సిడీతో పూడ్చాలా, ఖర్చు తగ్గించుకోమని చెప్పాలా అన్నది మండలి తేలుస్తుంది.

ఇక్కడ చార్టర్డ్ అకౌంటెంట్, కాస్ట్ అకౌంటెంట్, విద్యుత్ సంస్థల ఫైనాన్స్ విభాగంలో పనిచేసినవాళ్ల అవసరం తెలుస్తుంది. తరుగుదల ఎంత వేశారు, ఏ వడ్డీకి అప్పు తెచ్చారు, ఒకే ఖర్చును రెండు చోట్ల రాశారా అన్నది వీళ్లు చూడాలి. ఇంటి ఖర్చుల చీటీలో ఉప్పు, పప్పు లెక్క సరిచూసినట్టే. కాకపోతే ఇక్కడ అంకెలు వేల కోట్లలో ఉంటాయి.

ట్రూ-అప్ అనే మాట ఈ మధ్య ప్రతి ఇంటికీ తెలిసింది. ఏడాది మొదట వేసిన అంచనా కంటే అసలు ఖర్చు ఎక్కువైతే, ఆ తేడాను తర్వాతి నెలల్లోనో సంవత్సరాల్లోనో వసూలు చేసుకోవడానికి డిస్కంలు అడుగుతాయి. మూడేళ్ల కింద అద్దెకున్నవాళ్లు వాడిన కరెంటు తేడాను ఇవాళ ఆ ఇంట్లో ఉన్నవాళ్లు కట్టాల్సిన పరిస్థితి ఇలాగే వస్తుంది. అడిగిన తేడా మొత్తం న్యాయమైనదేనా, అందులో డిస్కం తప్పు ఎంత అన్నది వడపోయడం ఫైనాన్స్ సభ్యుడి అనుభవానికి అసలు పరీక్ష.

సబ్సిడీకి కూడా చట్టంలో ఒక గట్టి నియమం ఉంది. ఒక వర్గానికి తక్కువ ధరకు కరెంటు ఇవ్వాలని ప్రభుత్వం అనుకుంటే ఆ డబ్బును ముందుగానే డిస్కంలకు చెల్లించాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన వ్యవసాయ ఉచిత విద్యుత్తు, తెలంగాణలో 2024 మార్చి నుంచి అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల వరకు ఇస్తున్న గృహజ్యోతి, రెండిటికీ ఈ నియమం వర్తిస్తుంది. జీరో బిల్లు అంటే కరెంటుకు ధర లేదని కాదు. ఆ ధరను మండలి లెక్కగడుతుంది, ప్రభుత్వం కడుతుంది. ఆ డబ్బు ఆలస్యమైతే డిస్కం అప్పు తెస్తుంది, వడ్డీ పెరుగుతుంది.

న్యాయ నేపథ్యం ఎందుకు తప్పనిసరి అయింది

మండలి ముందుకు కంపెనీల తగాదాలు వస్తాయి. ఇరవై, ఇరవై అయిదేళ్ల కరెంటు కొనుగోలు ఒప్పందాల్లో ఒక్క వాక్యానికి అర్థం ఏమిటన్న దాని మీద వందల కోట్లు ఆధారపడి ఉంటాయి. అలాంటి కేసు విని తీర్పు చెప్పేవాళ్లలో న్యాయం చదివినవాళ్లు ఒక్కరు కూడా లేకపోతే ఎలా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

2018 ఏప్రిల్ 12న గుజరాత్ ప్రభుత్వానికి, యుటిలిటీ యూజర్స్ వెల్ఫేర్ అసోసియేషన్‌కు మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ ఆ ధర్మాసనంలో ఉన్నారు. జస్టిస్ చలమేశ్వర్ కృష్ణా జిల్లా మనిషి. చైర్మన్‌గా న్యాయమూర్తినే పెట్టాలన్న నిర్బంధం లేదని కోర్టు చెప్పింది. కానీ ప్రతి మండలిలో న్యాయ రంగం నుంచి కనీసం ఒక్కరైనా ఉండాలని స్పష్టం చేసింది. ఆ వ్యక్తి న్యాయాధికారిగా పనిచేసిన వారు కావొచ్చు, లేదా హైకోర్టు న్యాయమూర్తి, జిల్లా జడ్జి కావడానికి అర్హత ఉన్న అనుభవజ్ఞుడైన న్యాయవాది కావొచ్చు. తగాదాలు తేల్చే బెంచ్‌లో ఆ సభ్యుడు తప్పనిసరిగా కూర్చోవాలి. మామూలుగా ధరలు నిర్ణయించడం వేరు, ఇద్దరి మధ్య తగాదా తీర్చడం వేరు అన్నది ఈ తీర్పులోని అసలు విషయం.

దీని విలువ ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కనిపించింది. గాలి, సోలార్ కరెంటు ఒప్పందాల ధరలు ఎక్కువగా ఉన్నాయంటూ రాష్ట్ర ప్రభుత్వం వాటిని సమీక్షించాలని చూసింది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. 2019 సెప్టెంబర్‌లో సింగిల్ జడ్జి విషయాన్ని మండలికి పంపి, అప్పటిదాకా గాలి కరెంటుకు యూనిట్‌కు 2.43 రూపాయలు, సోలార్‌కు 2.44 రూపాయలు చెల్లించమన్నారు. 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ దాన్ని పక్కనబెట్టి, ఒప్పందంలో ఉన్న ధరే కట్టాలని చెప్పింది. ఒకసారి సంతకం పెట్టిన ఒప్పందాన్ని మార్చడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది. అందుకే సంతకం కాకముందే, మండలి ఆమోదానికి వచ్చినప్పుడే, ఆ కాగితాన్ని లాయర్ కన్నుతో చదివేవాళ్లు అక్కడ ఉండాలి.

తెలంగాణ మండలిలో ఇప్పటివరకు

2014లో రాష్ట్రం ఏర్పడ్డాక అదే ఏడాది తెలంగాణకు విడిగా మండలి వచ్చింది. తొలి చైర్మన్ ఇస్మాయిల్ అలీ ఖాన్. ఆయనతో పాటు హెచ్.శ్రీనివాసులు, ఎల్.మనోహర్ రెడ్డి సభ్యులుగా పనిచేశారు. కొత్త రాష్ట్రం కరెంటు కొరతతో సతమతమవుతున్న రోజుల్లో తొలి టారిఫ్ ఆర్డర్లు ఇచ్చింది ఈ ముగ్గురే.

2019 అక్టోబర్‌లో టి.శ్రీరంగారావు చైర్మన్‌గా, ఎం.డి.మనోహర్ రాజు సాంకేతిక సభ్యుడిగా, బండారు కృష్ణయ్య ఫైనాన్స్ సభ్యుడిగా వచ్చారు. అయిదేళ్ల కాలం పూర్తి చేసుకుని 2024 అక్టోబర్ చివర్లో ముగ్గురూ ఒకేసారి తప్పుకున్నారు.

ఆ వెంటనే హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ డాక్టర్ దేవరాజు నాగార్జున్ చైర్మన్ అయ్యారు. ఆయన జిల్లా కోర్టుల్లో న్యాయాధికారిగా పనిచేసి, 2022లో తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తి అయినవారు. తర్వాత సాంకేతిక సభ్యుడిగా కంచర్ల రఘు, ఫైనాన్స్ సభ్యుడిగా చెరుకూరి శ్రీనివాసరావు నియమితులయ్యారు. రఘు విద్యుత్ సంస్థల్లో పనిచేసిన ఇంజినీర్. అంటే న్యాయం, సాంకేతికం, ఫైనాన్స్ అనే మూడు కుర్చీలూ ఇక్కడ స్పష్టంగా కనిపిస్తాయి.

ఆంధ్రప్రదేశ్‌లో మారిన తీరు

ఉమ్మడి రాష్ట్రంలో చైర్మన్ కుర్చీలో విశ్రాంత ఐఏఎస్ అధికారులు కూర్చున్నారు. ఎ.రఘోత్తమరావు, డాక్టర్ వి.భాస్కర్ ఆ కోవలోని వారు. ఐఏఎస్ నుంచి వచ్చినవాళ్లకు ప్రభుత్వం లోపల ఫైలు ఎలా కదులుతుందో, బడ్జెట్ ఎలా తయారవుతుందో బాగా తెలుసు. అయితే నిన్నటిదాకా ప్రభుత్వ ఆదేశాలు అమలు చేసిన వ్యక్తి రేపు ప్రభుత్వానికి వద్దు అని చెప్పగలరా అన్న ప్రశ్న వీళ్ల విషయంలో వస్తుంది.

విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ న్యాయమూర్తుల వైపు మళ్లింది. 2014 తర్వాత జస్టిస్ జి.భవానీ ప్రసాద్, 2019లో జస్టిస్ సి.వి.నాగార్జున రెడ్డి చైర్మన్లు అయ్యారు. ఇద్దరూ హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తులే. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని సింగరేణి భవన్‌లో రెండు రాష్ట్రాల మండళ్లూ చాలాకాలం పైకింది అంతస్తుల్లో పనిచేశాయి. తర్వాత ఆంధ్రప్రదేశ్ మండలి కార్యాలయం కర్నూలుకు మారింది.

ఒక ఆర్డర్, ఒక ఇల్లు

సభ్యుల నేపథ్యం ఇంటి ఖర్చును ఎలా తాకుతుందో 2024 అక్టోబర్ నాటి సంఘటన చెబుతుంది. తెలంగాణ డిస్కంలు నెలకు 300 యూనిట్లు దాటే ఇళ్లకు ఫిక్స్‌డ్ ఛార్జీని కిలోవాట్‌కు 10 రూపాయల నుంచి 50 రూపాయలకు పెంచాలని ప్రతిపాదించాయి. అయిదు కిలోవాట్ల లోడున్న ఇంటికి అంటే నెలకు 50 రూపాయలు కట్టే చోట 250 రూపాయలు. ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములు, వాళ్ల భార్యాపిల్లలు అందరూ ఒకే మీటరు కింద ఉంటే ఎండాకాలంలో 300 యూనిట్లు దాటడం పెద్ద విషయం కాదు. అలాంటి ఇల్లు డబ్బున్న ఇల్లే కానక్కర్లేదు.

మండలి విచారణలు జరిపి, అక్టోబర్ 28న ఆ ప్రతిపాదనను తిరస్కరించింది. పదవీకాలం ముగిసే ముందు ఆ బృందం ఇచ్చిన ఆఖరి పెద్ద ఆర్డర్లలో ఇదొకటి. డిస్కం అడిగినదల్లా మండలి ఇవ్వదని, అడిగిన దానికి కారణం చూపించాలని ఇది గుర్తు చేసింది.

కేటగిరీల విషయంలోనూ అంతే. ఇల్లు ఒక కేటగిరీ, దుకాణం మరో కేటగిరీ, కుటీర పరిశ్రమ ఇంకో కేటగిరీ. తెలంగాణ టారిఫ్‌లో పూర్తిగా ప్రార్థనా స్థలాలకు విడిగా ఒక ఉప కేటగిరీ ఉంది. మసీదు, గుడి, చర్చి, గురుద్వారా అన్నీ అందులోకే వస్తాయి. మసీదు కింద దుకాణాలు ఉంటే వాటి మీటరు సంగతి వేరు. కుట్టుమిషన్లు పెట్టుకున్న చిన్న వర్క్‌షాపు, గాజుల బట్టీ, పంక్చర్ షాపు ఏ కేటగిరీలో పడితే బిల్లు ఎంత మారుతుందో ఆ పని చేసుకునేవాళ్లకు బాగా తెలుసు. ఆ గీతలు గీసేది కూడా ఈ మండలే.

స్వతంత్రంగా ఉండటానికి పెట్టిన కట్టుబాట్లు

నేపథ్యం ఏదైనా, కుర్చీలో కూర్చున్నాక సభ్యుడి చేతులు కట్టేయకుండా, అలాగని చేతులు చాచకుండా చట్టం కొన్ని నియమాలు పెట్టింది.

పదవీకాలం అయిదేళ్లు. అదే మండలిలో అదే హోదాకు మళ్లీ నియమించకూడదు. రెండోసారి పదవి కోసం ప్రభుత్వాన్ని మెప్పించే అవసరం ఉండకూడదన్నది దీని ఉద్దేశం. పదవిలో ఉండగా మరే ఉద్యోగమూ చేయకూడదు. దిగిపోయాక రెండేళ్ల వరకు వాణిజ్య ఉద్యోగంలో చేరకూడదు. కేంద్ర, రాష్ట్ర మండళ్ల ముందు ఎవరి తరఫునా వాదించకూడదు.

ప్రభుత్వం కోపం వచ్చి సభ్యుడిని తీసేయలేదు. దుష్ప్రవర్తన, పనికి అడ్డొచ్చే ఆర్థిక ప్రయోజనం లాంటి ఆరోపణలుంటే విద్యుత్ అప్పిలేట్ ట్రైబ్యునల్ చైర్‌పర్సన్ విచారణ జరిపి, తీసేయాల్సిందేనని నివేదిక ఇస్తేనే తొలగించాలి. అయితే ప్రజా ప్రయోజనం ఉన్న విధానపరమైన విషయాల్లో మండలికి ఆదేశాలు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఆ అధికారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నది తరచూ వచ్చే తగాదా.

ఈ నియామకాల మీద ప్రభుత్వాల మధ్యే పోరు జరిగిన సందర్భాలూ ఉన్నాయి. ఢిల్లీ మండలి చైర్మన్ ఎవరన్న దాని మీద అక్కడి ప్రభుత్వానికీ లెఫ్టినెంట్ గవర్నర్‌కూ కుదరకపోతే, 2023 ఆగస్టులో సుప్రీంకోర్టే కలగజేసుకుని హైకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ జయంత్ నాథ్‌ను తాత్కాలిక చైర్మన్‌గా పెట్టింది.

లేని కుర్చీ

ఇంజినీర్‌కు, అకౌంటెంట్‌కు, న్యాయమూర్తికి చోటుంది. మరి బిల్లు కట్టేవాళ్లకు? చట్టంలో వినియోగదారుల ప్రతినిధికి ప్రత్యేకంగా సభ్యత్వం లేదు. దానికి బదులు రెండు దారులు పెట్టారు. ఒకటి రాష్ట్ర సలహా కమిటీ. వ్యాపారులు, పరిశ్రమలు, రైతులు, కార్మికులు, వినియోగదారులు, స్వచ్ఛంద సంస్థలు, విద్యావేత్తల తరఫున 21 మందికి మించకుండా సభ్యులు ఉంటారు. రెండోది, విచారణల్లో వినియోగదారుల తరఫున మాట్లాడటానికి తగిన వ్యక్తిని మండలి నియమించుకోవచ్చు.

వీటికంటే పెద్ద దారి బహిరంగ విచారణ. డిస్కం ప్రతిపాదన ప్రకటించాక, ప్రజల అభ్యంతరాలు, సూచనలు విన్న తర్వాతే, దరఖాస్తు అందిన 120 రోజుల్లో మండలి ఆర్డర్ ఇవ్వాలి. వినియోగదారుడికి తన మాట చెప్పుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2002లో కలకత్తా విద్యుత్ సంస్థ సీఈఎస్‌సీ కేసులోనే చెప్పింది. లాయర్ అక్కర్లేదు. తెలుగులో రాసి ఇవ్వొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. రైతు సంఘాలు, చిన్న పరిశ్రమల సంఘాలు ఏటా వెళ్తాయి. బస్తీల నుంచి, పాతబస్తీ లాంటి ప్రాంతాల నుంచి, చేతివృత్తుల వాళ్ల నుంచి కూడా రాతపూర్వకంగా అభ్యంతరాలు వెళ్తే ముగ్గురు సభ్యులు వాటికి ఆర్డర్‌లో జవాబు రాయాల్సి వస్తుంది.

ఇంటి సమస్యకు ఎవరి దగ్గరకు వెళ్లాలి

ఒక విషయం గుర్తుంచుకోవాలి. మీటరు తప్పు చూపిస్తోంది, బిల్లు తప్పు వేశారు, కొత్త కనెక్షన్ ఇవ్వడం లేదు లాంటి ఫిర్యాదులతో నేరుగా ఈఆర్‌సీ దగ్గరకు వెళ్లే పద్ధతి లేదు. ముందు సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి నంబర్ తీసుకోవాలి. అక్కడ తేలకపోతే డిస్కం పరిధిలోని వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు వెళ్లాలి. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. అంబుడ్స్‌మన్‌ను నియమించేది మండలే. అన్నీ సరిగా ఉంటే దరఖాస్తు ఇచ్చిన నెలలోపు కనెక్షన్ ఇవ్వాలని చట్టమే చెబుతోంది. సేవల ప్రమాణాలు పాటించకపోతే పరిహారం అడిగే హక్కు కూడా ఉంది.

మండలి ఇచ్చిన ఆర్డర్ మీదే అభ్యంతరం ఉంటే 45 రోజుల్లో విద్యుత్ అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు అప్పీలు చేయాలి. ఆ తర్వాత న్యాయపరమైన ముఖ్య ప్రశ్న ఉంటే 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు.

పిల్లలకు కూడా ఇదొక దారి

ఇంజినీరింగ్ అంటే సాఫ్ట్‌వేర్, గల్ఫ్ ఉద్యోగం అన్న ఆలోచన చాలా ఇళ్లలో ఉంది. ఎలక్ట్రికల్ చదివిన అమ్మాయి, అబ్బాయి డిస్కంలో ఏఈగా చేరి రాష్ట్ర విద్యుత్ విధానాన్ని నిర్ణయించే స్థాయికి ఎదగవచ్చు. సీఏ, కాస్ట్ అకౌంటెన్సీ, లా చదివినవాళ్లకు కూడా ఈ రంగంలో పని ఉంది. సభ్యుడి పదవి దాకా వెళ్లకపోయినా, మండలి ముందు వాదించే న్యాయవాదులు, టారిఫ్ లెక్కలు చదివి జనానికి అర్థమయ్యేలా చెప్పగలిగేవాళ్లు మన దగ్గర తక్కువ. అలాంటివాళ్లు ప్రతి జిల్లాలో ఇద్దరు ముగ్గురు ఉన్నా, బహిరంగ విచారణలో బస్తీ మాట గట్టిగా వినిపిస్తుంది.

ఈసారి టారిఫ్ ప్రతిపాదనల ప్రకటన పేపర్లో కనిపిస్తే పక్కన పడేయకుండా చదవాలి. అభ్యంతరాలకు ఆఖరు తేదీ, విచారణ జరిగే చోటు అందులోనే ఉంటాయి. బిల్లు వచ్చాక చేసే ఫిర్యాదు కంటే, ధర ఖరారు కాకముందు పంపిన ఒక్క పేజీ అభ్యంతరానికి చట్టంలో బలం ఎక్కువ.